ఎవరి ఇలాకా? ఎవరి ముల్జిమ్?

తెలుగు కోర్టు భాషలో ఒక తమాషా ఉంది దోస్తులారా. 'ముద్దాయి' అంటే మనకు నేరం మోపబడినవాడు. బోనులో నిలబడేవాడు. కానీ అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. అవతలివాడు 'ముద్దఆ అలైహి'. ఉర్దూ బడిలో పదో క్లాసు దాకా చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్న నాలాంటివాడికి ఈ మాట ఎప్పుడు కనిపించినా నవ్వొస్తుంది. సరహద్దు దాటేసరికి ఫిర్యాదీ కాస్తా ముల్జిమ్ అయిపోయాడు. మాటకే ఈ గతి పడితే మనిషి సంగతేమిటి?

ఈసారి ఆ మనిషి గురించే రాస్తున్నాను. ఒక ఇలాకాలో నేరం చేశాడని పేరు పడి, ఇంకో ఇలాకాలో దొరికినవాడి గురించి. ఉర్దూ అఖ్బార్లు దీన్ని 'హవాలగీ' అంటాయి. తెలుగు పత్రికల్లో మేం 'అప్పగింత' అని రాస్తాం. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తారు. ఈ అప్పగింతలో ఏడ్చేది ఒక్క ఇల్లే.

ఇది లండన్‌కి పారిపోయిన సేఠ్‌ల కహానీ అనుకుంటారు చాలామంది. కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్ళకు ఇది తాతల నాటి సంగతి. ఎందుకంటే మనం సరహద్దు మీద పుట్టినవాళ్ళం.

నక్షా ఒకసారి చూడండి. 1800లో నిజాం ఈ ఇలాకాని కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలం అయింది. 1882లో బళ్ళారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడింది. అంటే మనది మద్రాసు ప్రెసిడెన్సీ, ఖాస్ అంగ్రేజీ హుకూమత్. హిందూపురం దాటి గౌరిబిదనూరు వైపు కొద్ది మైళ్ళు నడిస్తే మైసూరు రియాసత్. పావగడ అయితే ఇంకా విచిత్రం. తుముకూరు జిల్లా తాలూకా, కానీ చాలా వైపుల నుంచి మన జిల్లా దాన్ని చుట్టుకొని ఉంటుంది. అక్కడి జనం ఎక్కువమంది తెలుగే మాట్లాడతారు. పెనుకొండలో తాలూకా అధికారి తహసీల్దారు. పావగడలో అదే పనికి అమల్దారు. రెండు మాటలూ ఫార్సీ నుంచి వచ్చినవే. హుకుం మాత్రం వేరు వేరు చోట్ల నుంచి వచ్చేది.

జనానికి ఈ గీత పెద్దగా పట్టేది కాదు. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకి అటువాళ్ళూ వచ్చేవారు, ఇటువాళ్ళూ వచ్చేవారు. ఇప్పుడూ వస్తారు. హిందూపురం బెల్లం, చింతపండు బజారుకి బండ్లు రెండు వైపుల నుంచీ తోలుకొచ్చేవారు. పిల్లనిచ్చేది అటు, తెచ్చుకునేది ఇటు. గీత అవసరమయ్యేది ఇద్దరికే. ఒకరు సర్కారు, ఇంకొకరు పరారీలో ఉన్నవాడు.

మరి పరారీవాడిని పట్టుకునే ఖానూన్ ఏమిటి?

1831 నుంచి యాభై ఏళ్ళు మైసూరుని అంగ్రేజులే నడిపారు. 1881లో మహారాజు చామరాజేంద్ర ఒడెయరుకి గద్దె తిరిగి ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు, షరతుల కాగితం రాయించుకున్నారు. అందులో ఒక షరతు: అంగ్రేజీ ఇండియాలో నేరం చేశాడని ఆరోపణ ఉన్నవాడు మైసూరులో ఉంటే, రెసిడెంటు అడిగినప్పుడు మహారాజు పట్టి అప్పగించాలి. గవాహులను కూడా హాజరు పరచాలి. ఇంకో షరతు: మైసూరు గడ్డ మీద తెల్లవాడు నేరం చేస్తే విచారించే హక్కు మహారాజుకి లేదు, గవర్నర్ జనరల్‌దే. మూడో షరతు: రైలుకి కావాల్సిన భూమి ఊరికే ఇవ్వాలి, దానితో పాటు ఆ భూమి మీద పూర్తి అధికారమూ ఇచ్చెయ్యాలి.

ఇది ఇద్దరు బరాబర్ మనుషుల మధ్య ముఆహదా కాదు. దొరకీ జాగీర్దారుకీ మధ్య కాగితం.

అటు నుంచి ఇటు పరారైనవాడి కోసం 1903లో ఇండియన్ ఎక్స్‌ట్రడిషన్ చట్టం వచ్చింది. దాని ఏడో సెక్షన్ మన తాతల్లాంటివాళ్ళ కోసం రాసిందే. మైసూరులో నేరం జరిగింది, ముల్జిమ్ హిందూపురంలో ఉన్నాడు. మైసూరు పోలీసు తిన్నగా వచ్చి పట్టుకుపోవడానికి వీల్లేదు. దివాను బెంగళూరులో ఉన్న రెసిడెంటుకి రాయాలి. రెసిడెంటు అనంతపురం జిల్లా మేజిస్ట్రేటు పేరున వారంటు జారీ చేయాలి. వారంటు వస్తే మేజిస్ట్రేటు దాని ప్రకారం నడవాలి. సుబూత్ ఉందా, గవాహీ ఏమిటి అని తూచి చూసే పని అక్కడ లేదు. అదే ఫ్రాన్సు లాంటి పరాయి దేశం అడిగితే వేరే దారి. మేజిస్ట్రేటు విచారణ జరపాలి, కేసు నిలబడేంత సుబూత్ ఉందో లేదో చూడాలి, రాజకీయ నేరమైతే అప్పగించకూడదు. రియాసత్‌కి ఒక తక్కెడ, పరాయి దేశానికి ఇంకో తక్కెడ.

ఆ ఏడో సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. ఈ పద్ధతి యూరోపియన్ బ్రిటిష్ ప్రజకు వర్తించదు. మైసూరులో దొంగతనం చేసి హిందూపురం చేరిన బుడన్‌సాబుని, బాలప్పని రెసిడెంటు కాగితం మీద పట్టి పంపవచ్చు. జాన్ దొరని పంపకూడదు. ఖానూన్‌లో రంగు ఎక్కడుందని అడిగేవాళ్ళకి ఈ ఒక్క సెక్షన్ చూపిస్తే చాలు.

ఒక మంచి సంగతీ చెప్పాలి. నేరాల పుస్తకం మాత్రం సరహద్దుకి అటూ ఇటూ దాదాపు ఒకటే. 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన పీనల్ కోడ్, ఉర్దూలో 'తాజీరాతే హింద్', మైసూరులోనూ నడిచింది. హైదరాబాద్ రియాసత్ దాని నమూనాలో ఉర్దూలో తన సొంత తాజీరాత్ రాసుకుంది. కాబట్టి చోరీ అన్నిచోట్లా చోరీయే, ఖత్ల్ అన్నిచోట్లా ఖత్లే. తేడా వచ్చేది ఎవరు పట్టుకోవాలి, ఎవరు విచారించాలి అన్నచోట.

ఆ తేడా రైలు పట్టాల మీద బాగా కనిపిస్తుంది. 1890ల నాటికి గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకి మీటర్ గేజ్ రైలు నడిచింది. ధర్మవరంలో ఎక్కినవాడు హిందూపురం దాకా మద్రాసు ఖానూన్ కింద ఉంటాడు. హద్దు దాటాక కిటికీలోంచి కనిపించే పొలాలు మహారాజువి. తాను కూర్చున్న డబ్బా కింద భూమి మీద అధికారం మాత్రం అంగ్రేజులది. బెంగళూరు సిటీలో దిగితే మైసూరు హుకూమత్. కంటోన్మెంటులో దిగితే మళ్ళీ రెసిడెంటు హుకూమత్. ఒక్క టికెట్టు మీద ఇన్ని ఖానూన్లు!

ఇక్కడే షంకర్‌పల్లి కేసు చెప్పాలి. షంకర్‌పల్లి ఇప్పుడు తెలంగాణలో రంగారెడ్డి జిల్లా. అప్పుడు నిజాం రియాసత్‌లో రైల్వే స్టేషన్. ముహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజని ఆ స్టేషన్‌లో గిరఫ్తార్ చేశారు. వారంటు ఎక్కడిది? సిమ్లా మేజిస్ట్రేటుది. నేరం కూడా రైలుతో గానీ పట్టాలతో గానీ తాల్లుకు లేనిది. మరి నిజాం గడ్డ మీద అంగ్రేజు పోలీసుకి ఏం పని అంటే, రైలు భూమి మీద అధికారం నిజాం మాకు ఇచ్చేశాడు, కాబట్టి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడు మా ఇలాకాలో ఉన్నట్టే అన్నారు.

కేసు పంజాబ్ చీఫ్ కోర్టు దాకా పోయింది, అక్కడ ఇన్సాఫ్ దొరకలేదు. లండన్‌లో ప్రివీ కౌన్సిల్‌కి పోయింది. 1897లో ఫైసలా వచ్చింది. గిరఫ్తారీ చెల్లదు అన్నారు. కారణం చాలా సాదా. నిజాం రైలు వరకే అధికారం ఇచ్చాడు. రైలు నడపడానికి, రైలు భూమి మీద జరిగే నేరాలకు. సిమ్లా నేరానికి షంకర్‌పల్లిలో మనిషిని పట్టుకోవడానికి ఇవ్వలేదు. ఇచ్చింది ఎంతో, పుచ్చుకున్నదీ అంతే. అంగ్రేజు సర్కారు తన గెజిట్‌లో ఎంత పెద్ద మాట రాసుకున్నా, ఇచ్చినవాడు ఇవ్వనిది దానికి దక్కదు.

ఈ ఫైసలా చదివితే నాకు రెండు ఖయాల్‌లు వస్తాయి. ఒకటి, ఆ రోజుల్లో ఒక హైదరాబాదీ లండన్ దాకా కొట్లాడి వైస్రాయి సర్కారు మీద గెలిచాడు. అతను నేరం చేశాడా లేదా అన్నది సవాలే కాదు. ముల్జిమ్ అయినా సరే, పట్టుకునే పద్ధతి ఉండాలి. రెండు, ఇదే సంగతి మన హిందూపురం–బెంగళూరు లైను మీద జరిగి ఉంటే ఏమయ్యేదో? మైసూరు షరతులో రైలు భూమి మీద 'పూర్తి' అధికారం అని రాసి ఉంది. నిజాం కాగితంలో అంత విస్తారం లేదు. అదే ఇంజను, అదే ప్లాట్‌ఫారం. కాగితంలో ఒక్క మాట తేడా. ఆ ఒక్క మాట మీద ఒక మనిషి ఆజాదీ ఆధారపడి ఉంది.

దీనికి ఉల్టా కహానీ 1910లో జరిగింది. సావర్కర్‌ని ఓడలో లండన్ నుంచి తెస్తుంటే మార్సెయ్ రేవులో కిటికీ గుండా సముద్రంలోకి దూకి ఒడ్డుకి చేరాడు. ఫ్రెంచి పోలీసు పట్టుకుని ఓడవాళ్ళకే ఇచ్చేశాడు. అప్పగింత కాగితం ఏదీ లేదు. తర్వాత ఫ్రాన్సు తేరుకుని, మా గడ్డ మీద పట్టారు, తిరిగి ఇవ్వండి అంది. 1911లో హేగ్ ట్రిబ్యునల్ ఏం చెప్పిందంటే, జరిగింది పద్ధతి ప్రకారం కాదు, అయినా తిరిగి ఇచ్చే బాధ్యత బ్రిటన్‌కి లేదు. ఆయన రాజకీయాలతో నాకు పూరా పేచీ ఉంది. కానీ ఖానూన్ సవాలు ఖానూన్ సవాలే. షంకర్‌పల్లిలో యూసుఫుద్దీన్‌కి దొరికిన ఇన్సాఫ్ మార్సెయ్‌లో సావర్కర్‌కి దొరకలేదు అని ఒప్పుకోవడానికి నాకు తక్లీఫ్ లేదు. మనకు నచ్చినవాడికే పద్ధతి కావాలంటే అది పద్ధతి కాదు, దోస్తీ.

అప్పగింత ఖానూన్‌లో ఒక పాత ఉసూల్ ఉంది. అడిగే దేశంలోనూ, ఇచ్చే దేశంలోనూ ఆ పని నేరమై ఉండాలి. ఒకచోట నేరం, ఇంకోచోట కాదు అంటే అప్పగింత లేదు. ఈ ఉసూల్ అర్థం కావాలంటే హేగ్ దాకా పోనక్కర్లేదు. హిందూపురం పక్కన విదురాశ్వత్థం చాలు.

1938 ఏప్రిల్ 25. మైసూరు రియాసత్, గౌరిబిదనూరు తాలూకా. కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి వీల్లేదని రియాసత్ హుకుం. విదురాశ్వత్థంలో జనం గుమిగూడారు, పోలీసు కాల్పులు జరిపింది. చనిపోయినవాళ్ళ లెక్క సర్కారుది వేరు, జనానిది వేరు. ఆ ఊళ్ళో ఇప్పుడు వీరసౌధం ఉంది, చూసిరండి. విచారణకి వేసిన కమిటీకి పెద్ద వేపా రామేశం, మద్రాసు హైకోర్టులో జడ్జీగా చేసిన తెలుగువాడు. సర్దార్ పటేల్ మైసూరు వచ్చి దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడాక, మైసూరు జెండా పక్కన కాంగ్రెస్ జెండా ఎగరేసుకోవచ్చని రాజీ కుదిరింది.

ఇప్పుడు గీతకి ఇటువైపు చూడండి. అదే 1938లో మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ వజీరత్. ఆ జెండా పార్టీయే గద్దె మీద ఉంది. హిందూపురంలో ఆ జెండా పట్టుకున్నవాడు సర్కారు పార్టీ మనిషి. కొద్ది మైళ్ళ అవతల అదే జెండా పట్టుకున్నవాడు హుకుం ధిక్కరించినవాడు. తుపాకీ గుండుకి తగినవాడు. జెండాలో రంగు మారలేదు, గుడ్డ మారలేదు. ఇలాకా మారింది. నేరమనేది ఎంతవరకు పనిలో ఉంటుంది, ఎంతవరకు నేలలో ఉంటుంది అని అడిగేవాళ్ళకి నేను ఈ ఊరి పేరే చెబుతాను.

1947 తర్వాత రియాసత్‌లు పోయాయి. మైసూరుతో అప్పగింత ఖిస్సా ముగిసింది. కానీ పాత అంగ్రేజీ ఖానూన్‌లు కొన్ని మిగిలాయి. వాటిలో ఒకటి 1881 నాటి ఫ్యుజిటివ్ అఫెండర్స్ చట్టం. బ్రిటిష్ సల్తనత్‌లో ఒక మూల నుంచి ఇంకో మూలకి మనుషుల్ని పంపే చట్టం. దాని కింద సింగపూర్ సర్కారు అక్కడి వకీలు సి.జి. మీనన్‌నీ ఆయన భార్యనీ అప్పగించమని మద్రాసుని అడిగింది. నమ్మకద్రోహం కేసు. మద్రాసు హైకోర్టు కాదంది. 1954లో సుప్రీంకోర్టు ఆ మాటనే ఖాయం చేసింది. మనం ఇప్పుడు జమ్‌హూరియత్, ఎవరి సల్తనత్‌లోనూ మూల కాదు, ఆ చట్టం ఇక్కడ చెల్లదు అని దాని సారాంశం. ఆ ఖాళీని నింపడానికి 1962లో మన సొంత ఎక్స్‌ట్రడిషన్ చట్టం వచ్చింది. 1963 జనవరి 5 నుంచి అమలు. ఇందులో మేజిస్ట్రేటు విచారణ ఉంది, రాజకీయ నేరానికి మినహాయింపు ఉంది, ఏ నేరానికి తెచ్చారో దానికే విచారించాలన్న షరతు ఉంది. రంగు మినహాయింపు లేదు. అల్‌హందులిల్లాహ్.

ఈ షరతులు ఎంత గట్టివో రాయలసీమవాళ్ళు కర్నూలు పేరుతో చూశారు. అబూ సలేం, మోనికా బేడీ దొంగ పేర్లతో, కర్నూలు చిరునామాలతో పాస్‌పోర్టులు తీసుకున్నారు. 2002లో లిస్బన్‌లో దొరికారు. పోర్చుగల్‌లో ఉరి లేదు, చచ్చేదాకా ఖైదూ లేదు. కాబట్టి ఉరి వేయం, 25 ఏళ్ళకు మించి జైల్లో పెట్టం అని అప్పటి ఉపప్రధాని అద్వానీ పేరున మన సర్కారు రాసిచ్చాకే 2005 నవంబరులో ఇద్దరినీ అప్పగించారు. పాస్‌పోర్టు కేసులో హైదరాబాద్ సీబీఐ కోర్టు 2006లో బేడీకి, 2013లో సలేంకి శిక్ష వేసింది. ముంబై పేలుళ్ళ కేసులో సలేంకి 2017లో యావజ్జీవం పడింది. అయినా 2022లో సుప్రీంకోర్టు ఏమంది? 25 ఏళ్ళు పూర్తయ్యాక వదలాలి, ఇచ్చిన మాట ఇచ్చిన మాటే అంది.

టీవీ చర్చల్లో చాలామందికి కోపం వచ్చింది. ఇంతటి ముజ్రిమ్‌కి వాదా ఏమిటని. కానీ ఆ వాదా సలేంకి ఇచ్చింది కాదు, పోర్చుగల్‌కి ఇచ్చింది. రేపు మనం ఇంకొకడిని ఇంకో దేశం నుంచి అడగాలంటే మన మాటకి విలువ ఉండాలి. పేలుళ్ళలో చనిపోయినవాళ్ళకి ఇన్సాఫ్ కావాలనే వాడిని తెచ్చారు, ఆ వాదా లేకపోతే తెచ్చేవాళ్ళే కాదు.

చివరికి మన గల్లీలోకి వస్తాను. మన మూడు ఊళ్ళ నుంచి దుబాయ్, కువైట్, సౌదీ నౌకరీకి పోయినవాళ్ళు లేని మొహల్లా లేదు. రిపోర్టర్ని కాబట్టి కాగితాలు పట్టుకుని వస్తుంటారు. "భాయ్, అక్కడ కేసు పెట్టారంట, మమ్మల్ని పట్టిస్తారా?" అని. జవాబు ఖానూన్‌లోనే ఉంది. యూఏఈతో మనకు 1999లో, సౌదీతో 2010లో సంతకమైన అప్పగింత ముఆహదాలు ఉన్నాయి. యూఏఈ ఒప్పందం ప్రకారం ఏ దేశమూ తన పౌరుడిని అవతలికి అప్పగించదు. కానీ బతికిపోయామని అనుకోకండి. మన పౌరుడు విదేశంలో నేరం చేస్తే కేంద్రం మంజూరుతో ఇక్కడే విచారించవచ్చు.

అప్పు సంగతి ఇంకా చూడండి. 2020 జనవరి 17న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పటి నుంచి యూఏఈ కోర్టు ఇచ్చిన డబ్బు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయించుకోవచ్చు. అంటే దుబాయ్ బ్యాంకు బాకీకి మనిషిని అప్పగించరు, ఇల్లు జప్తుకి రావచ్చు. చెక్కు విషయం ఉల్టా. 2022 నుంచి యూఏఈలో డబ్బు చాలక తిరిగొచ్చిన చెక్కు చాలావరకు సివిల్ వ్యవహారం. మన దేశంలో అది ఇప్పటికీ రెండేళ్ళ దాకా ఖైదు పడగల నేరం. అక్కడ ఖానూన్ సఖ్తు, ఇక్కడ నరం అని అందరూ అనుకుంటారు. చెక్కు పుస్తకం దగ్గర అది తలకిందులు.

ఖత్ల్ కేసులో తేడా ఇంకా లోతు. సౌదీలో ఖిసాస్ కింద చనిపోయినవాడి వారసులు మాఫ్ చేయవచ్చు, దియత్ తీసుకుని ప్రాణం వదిలిపెట్టవచ్చు. మన దేశంలో హత్య కేసులో ఫిర్యాదీ సర్కారు. తల్లి మాఫ్ చేసినా కేసు పోదు. ఒకప్పుడు ఇక్కడా కంపెనీ కోర్టుల్లో ఖాజీ, ముఫ్తీ కూర్చుని ఫత్వా చెప్పేవారు. వారసుల మాఫీని 18వ శతాబ్దం చివర బెంగాల్‌లో కంపెనీవాళ్ళు తీసేశారు, 1862లో తాజీరాతే హింద్ వచ్చి మిగతాది ముగించింది. ఏది మేలు అని ఒక్క మాటలో చెప్పలేను. మాఫీ ఉన్నచోట గరీబుకి ఒక దర్వాజా ఉంటుంది. దబ్బున్నవాడికీ అదే దర్వాజా ఉంటుంది.

అందుకే కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఇదే. భయపడేముందు మూడు సవాళ్ళు అడగండి. ఇది నేరం కేసా, బాకీ కేసా? ఏ కోర్టు కాగితం ఇది? ఆ కోర్టు హుకుం మన ఊళ్ళో చెల్లుతుందా, చెల్లితే ఏ ఖానూన్ కింద? తర్వాత వకీలు దగ్గరికి పోండి, ఏజెంటు దగ్గరికి కాదు. షంకర్‌పల్లి ప్లాట్‌ఫారం మీద పట్టుబడ్డ మనిషి తరఫున వేసింది కూడా ఇదే సవాలు. నువ్వు ఎవరివి, నీకు ఈ గడ్డ మీద ఈ అధికారం ఎవరిచ్చారు? ఆ సవాలుకి లండన్‌లో జవాబు దొరికింది. అనంతపురంలోనూ అడగవచ్చు.